పదకొండో నంబరు నడక

రెండు వేల పదహారు వేసవిలో మా ఇంట్లో మాటలు ఆగిపోయాయి. ఎండ నలభై అయిదు దాటిందనీ, కూలరులో నీళ్ళు అయిపోయాయనీ, పాలు విరిగాయనీ నాన్న గోడలకి చెప్పుకునేవాడు. అత్త పలికేది కాదు. పలకడానికి నాకు ముఖం చెల్లేది కాదు. అంతటికీ కారణం నేను చెప్పే చదువే కాబట్టి ముందు ఆ చదువేమిటో చెప్పాలి.

నేను రాయ్‌పూర్‌లో ఒక విశ్వవిద్యాలయంలో వ్యాయామ శాస్త్రం చెబుతాను. మనిషి ఎలా నిలబడతాడు, నడిచేటప్పుడు ఏ కండరం ఎప్పుడు బిగుస్తుంది, ఏ కీలు మీద ఎంత బరువు పడుతుంది, ఇదీ నా పాఠం. చుట్టాల లెక్కలో మాత్రం నేను డ్రిల్లు టీచర్ని. పెళ్ళిళ్ళలో ఎవరో ఒకరు ఈల మర్చిపోయి వచ్చావేమని అడుగుతారు, నేను నవ్వేసి భోజనాల వైపు వెళ్ళిపోతాను. అప్పటికి ఆరేళ్ళుగా నా హోదా అతిథి అధ్యాపకురాలు. ఏటేటా జూలైలో మళ్ళీ దరఖాస్తు పెట్టుకునే అతిథిని.

ప్రతి బ్యాచి పిల్లలతోనూ ఒక ఆట ఆడించేదాన్ని. క్లాసులో అందరూ ఒకరికొకరు బాగా అలవాటయ్యాక, అయిదుగురికి తలల మీద దిండు గలీబులు తొడిగి, ఒకే రంగు ట్రాక్ ప్యాంట్లు వేయించి వరండాలో నడిపించేదాన్ని. మిగతావాళ్ళు వాళ్ళెవరో చెప్పాలి. ఒక్కటీ తప్పు చెప్పేవాళ్ళు కాదు. అప్పుడు బోర్డు దగ్గరికెళ్ళి, ముఖం దాచుకున్నా నడక మనిషిని పట్టిస్తుందని పెద్ద అక్షరాలతో రాసేదాన్ని. నా చేత్తో నేనే రాశాను, ఒకసారి కాదు, ఆరేళ్ళు. ఇంత చదువుకుని కూడా చివరికి ఎంత తెలివితక్కువ పని చేశానో తలుచుకుంటే నా మీద నాకే ఒళ్ళు మండుతుంది.

మా అత్త వరహాలమ్మ నాన్నకి చెల్లెలు. అమ్మ పోయినప్పుడు శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి నన్ను పెంచింది, ఇక తిరిగి వెళ్ళలేదు. నాన్న పేరు పరదేశి. ఆయన రైల్వే వాగన్ షాపులో ఫిట్టరుగా రిటైరయ్యాక, ఇంట్లో అన్న పెన్షను మీద కూర్చుని తినడం తన వల్ల కాదని ఉర్లాలో ఒక రోలింగ్ మిల్లులో రేజాగా చేరింది. ఇక్కడ ఆడకూలీని రేజా అంటారు, కూలీల కాంట్రాక్టరుని ఠేకేదారు అంటారు. తుక్కు ఇనుము ఏరి, గమేళాలో నింపి, నెత్తిన పెట్టుకుని కొలిమి దాకా మొయ్యాలి. కాకపోతే అది పి.ఎఫ్. కట్టే మిల్లు. పదేళ్ళ సర్వీసు నిండితే తన పేరు మీద పెన్షను వస్తుంది. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి ఎవరో ఒకరి ఇంట్లో, ఎవరో ఒకరి పేరు మీద బతికిన మనిషి. తన పేరున ఒక కాగితం ఉండాలన్నది ఆవిడ పట్టుదల.

ఆ వేసవి నాటికి పదేళ్ళు నిండడానికి ఇంకా పద్నాలుగు నెలలు మిగిలాయి. అత్తకి యాభై ఆరు దాటాయి. కుడి మోకాలు అరిగిపోయింది. ఆ సంగతి మిల్లులో తెలిసిందంటే మర్నాడు గేటు దాటనివ్వరు. అందుకని పనిలో ఉన్నంతసేపూ పళ్ళు బిగబట్టి, ఇంటికొచ్చాక ఆవాల నూనె కాచి రుద్దుకునేది.

వెంకటరత్నం గారు మా విభాగాధిపతి. భిలాయిలో ఉక్కు ఫ్యాక్టరీ క్వార్టర్లలో పెరిగిన తెలుగువాడు. చదువుకునే రోజుల్లో కాలి మడమ నరం తెగి నా పరుగు ఆగిపోయినప్పుడు, గ్రౌండు పక్కన కూర్చుని ఏడుస్తున్న నా చేతిలో ఒక లావుపాటి పుస్తకం పెట్టి, కాలు ఎందుకు తెగిందో తెలుసుకోమ్మా అన్నారు. నా బతుకు ఆ మాటతో మళ్ళీ మొదలైంది. తెలుగు సంఘంలో ఎవరికి పరిచయం చేసినా మా ఫణిశ్రీ అనేవారు. ఆయన వస్తున్నారంటే నాన్న ఉతికిన చొక్కా వేసుకునేవాడు.

మార్చిలో ఒక ఆదివారం దేవేంద్ర నగర్ నుంచి స్కూటరు మీద మా ఇంటికి వచ్చారు. అత్త చేతి మామిడికాయ పప్పు, వడియాలు రెండోసారి వేయించుకుని తిన్నారు. చెయ్యి కడుక్కున్నాక అసలు విషయం చెప్పారు. బరువు మోసే ఆడవాళ్ళ నడక మీద మన రాష్ట్రంలో ఎవరూ పని చెయ్యలేదట. ఉర్లా రేజాలని నడిపించి, వీడియో తీసి, ఎంత బరువు దగ్గర మోకాలు దెబ్బ తింటోందో లెక్కగట్టి చూపిస్తే గమేళా బరువు తగ్గించమని అడగొచ్చట. నాకు కళ్ళు చెమర్చాయి. ఇంట్లో నూనె వాసన పీల్చి పీల్చి ఉన్నదాన్ని కదా.

అత్త మాత్రం గిన్నెలు సర్దడం ఆపి ఒకే ఒక్క ప్రశ్న అడిగింది.

"మా ఠేకేదారుకి తెలుస్తాదా బాబూ?"

"ఎలా తెలుస్తుందమ్మా? పేర్లు రాయం. ముఖాలు కెమెరాలోకే రావు, మెడ కింద నుంచే తీస్తాం. ఒక్కొక్కరికీ ఒక నంబరు ఉంటుంది, అంతే. నా మాట చాలకపోతే మీ మేనకోడల్ని అడగండి."

అత్త నా వైపు చూసింది. నేను తల ఊపాను.

ఏప్రిల్లో రెండు ఆదివారాలు పద్నాలుగు మంది ఆడవాళ్ళు షేర్ ఆటోల్లో విశ్వవిద్యాలయానికి వచ్చారు. అందరినీ ఒప్పించింది అత్తే. తెలుగువాళ్ళు నలుగురు, మిగతావాళ్ళు ధర్సీవా చుట్టుపక్కల ఊళ్ళ ఛత్తీస్‌గఢీ ఆడవాళ్ళు. పెట్టెల్లో దాచుకున్న చీరలు కట్టుకొచ్చారు. ట్రాక్ ప్యాంట్లు వేసుకోవాలంటే ఒక అరగంట సిగ్గుపడి, వేసుకున్నాక ఒకరినొకరు చూసుకుని మరో అరగంట నవ్వారు. కీళ్ళ మీద అంటించే మెరిసే గుర్తులు కొనే స్తోమత మా విభాగానికి లేదు. నేను పాన్ డబ్బాలో దొరికే బొట్టుబిళ్ళల అట్టలు తెచ్చి తుంటికి, మోకాలికి, చీలమండకి అంటించాను. అత్తకి ప్రాణస్నేహితురాలు ఫులేశ్వరి తన మోకాలు చూసుకుని, దీనికి సంబంధం ఎక్కడ కుదిరిందని అడిగింది. అందరూ పడీ పడీ నవ్వారు. నాకు తెలిసి ఆ ప్రయోగశాలలో అంత నవ్వు ముందూ లేదు, తర్వాతా లేదు.

పన్నెండు మీటర్ల గచ్చు మీద ఒట్టి గమేళాతో ఒకసారి, నింపిన గమేళాతో మూడుసార్లు నడవాలి. అత్తది పదకొండో నంబరు. బరువు పెట్టుకుని నడుస్తుంటే నేను కెమెరా వెనక నిలబడి చూశాను. కుడికాలి మీద బరువు పడగానే మోకాలు లోపలికి ఒదిగిపోతోంది. ఆ కాలిని వీలైనంత తొందరగా నేల మీంచి తీసెయ్యాలని ఎడమకాలు గబుక్కున ముందుకొచ్చి పడుతోంది. రోజూ ఒకే కంచం దగ్గర కూర్చునే మనిషి నడకని నేను అన్నేళ్ళు చూడలేదు. ఇంట్లో నా కంట పడకుండా తనే జాగ్రత్తపడింది.

దించాక దగ్గరికొచ్చి, ఎవరూ వినకుండా అంది.

"నాదొక్కటీ తీసీవే సిరీ. ఎలగో ఉన్నాది."

మొహం లేదు కదా అత్తా, పదకొండో నంబరువి తప్ప నువ్వెవరివో దేవుడికి కూడా తెలియదని సర్దిచెప్పాను. పైగా అలాంటి మోకాలు పట్టికలో ఉంటేనే మన వాదానికి బలమని కూడా అన్నాను. ఆ రాత్రే పట్టిక నింపి, పదకొండో నంబరుకి ఎదురుగా నా చేతిరాతతో రాశాను: కుడి మోకాలు బలహీనం, బరువు పనికి తగదు. మరో నలుగురి ఎదురుగా కూడా అదే రాశాను. గమేళా బరువు తగ్గించాలని అడగడానికి అది సాక్ష్యమని నా నమ్మకం. వీడియోలు, పట్టిక సారుకి ఇచ్చేశాను.

మే మూడో వారంలో ఒక రోజు అత్త మధ్యాహ్నం పన్నెండింటికే ఇంటికి వచ్చింది. వడగాలికి తలుపులన్నీ మూసి నేను జవాబు పత్రాలు దిద్దుకుంటున్నాను. చేతిలో డబ్బా కింద పెట్టింది. చద్దన్నం, ఉల్లిపాయ కదపలేదు. ఒంట్లో బాగాలేదా అని నాన్న అడిగాడు. అత్త గోడకి చేరగిలి, కాలు చాపుకుని, ఎదురుగా ఉన్న నన్ను కాకుండా నాన్ననే చూస్తూ చెప్పింది.

ఠేకేదారు యోగేష్ దాదాపు తొమ్మిదేళ్ళలో ఆడవాళ్ళతో తిట్టకుండా మాట్లాడిన రోజు లేదు. అలాంటిది ఆ పొద్దున అందరినీ ఆఫీసులో కూలరు ముందు కూర్చోబెట్టి సమోసాలు తెప్పించాడు. మీ మీద యూనివర్సిటీవాళ్ళు సినిమా తీశారట, చూద్దామా అని టీవీ పెట్టాడు. మెడలు లేని ఆడవాళ్ళు వరసగా నడుస్తుంటే వీళ్ళకి సంబరం పట్టలేదు. ఆ చేతులూపడం చూడు, అది ఫులేశ్వరి కాకపోతే ఇంకెవరని ఒకతె. అదిగో బాతు నడక, మన దులారి అని మరొకతె. ఒకరి పేరు ఒకరు అరుచుకుంటూ, చేతులు తట్టుకుంటూ పద్నాలుగు మందినీ చెప్పేశారు. పదకొండో నంబరు వచ్చినప్పుడు మిగతావాళ్ళు చెప్పేలోపలే అత్త, అది నేనే అని హిందీలో యోగేష్‌కి తనే చూపించుకుంది. టీవీలో తనని తాను చూసుకోవడం ఆవిడకి అదే మొదటిసారి. యోగేష్ చేతిలోని నంబర్ల పట్టిక మీద ఒక్కొక్క నంబరు పక్కనా పేరు రాసుకుంటూ వచ్చాడు. సినిమా అయ్యాక అయిదుగురిని ఉండమన్నాడు. రేపటి నుంచి రావక్కర్లేదని చెప్పి, మిగిలిన సమోసాలు కూడా వాళ్ళనే తీసుకెళ్ళమన్నాడు.

అంతా చెప్పాక అత్త అప్పుడు నా వైపు తిరిగింది.

"మొకం లేదన్నావు కదే. నన్ను నానే సూపించుకున్నాను."

ఆ తర్వాత మూడు వారాలు ఆవిడ నాతో మాట్లాడలేదు.

మర్నాడు పొద్దున ఫులేశ్వరి వచ్చింది. పని పోయిన అయిదుగురిలో ఆవిడా ఒకతె. గుమ్మం బయటే నిలబడింది. మంచినీళ్ళిస్తే పుచ్చుకోలేదు. మమ్మల్ని అప్పగించినందుకు నీకేం ఇచ్చారు దీదీ అని అత్తని ఛత్తీస్‌గఢీలో నెమ్మదిగా అడిగింది. నా పనీ పోయింది కదా అని అత్త అననైనా అనలేదు. తల దించుకుని వింది. తిట్టినా బాగుండేది. ఫులేశ్వరి వెనుదిరిగి వెళ్ళిపోయింది. వంటింట్లో నిలబడి ఇదంతా విన్న నాకు పొయ్యి మీద అన్నం మాడిపోతున్న వాసన కూడా తెలియలేదు.

నేను తిన్నగా విభాగానికి వెళ్ళాను. అంతవరకూ నా మనసు సారుని నమ్మడానికే దారులు వెతుకుతోంది. ఎవరో దొంగిలించి ఉంటారు, కంప్యూటర్ లోంచి తీసుకుని ఉంటారు, ఆయనకి తెలిసి ఉండదు. ప్రయోగశాల తలుపు తీస్తే నేల మధ్యలో కొత్త పరికరం కనిపించింది. అడుగు వేస్తే బరువు ఎంత పడిందో, ఎటు పడిందో చెప్పే పలక. ఆరేళ్ళుగా నేను పుస్తకంలో బొమ్మ చూపించి పాఠం చెప్పిన పలక అది. ప్లాస్టిక్ కవరు ఇంకా విప్పలేదు. పక్కన గోడకి బిగించిన ఇత్తడి రేకు మీద దాత పేరు ఉంది. అత్త పనిచేసిన మిల్లు పేరు.

వెంకటరత్నం గారు కూర్చోమన్నారు. నేను కూర్చోలేదు.

"వాళ్ళు చూస్తామని అడిగారు, ఇచ్చాను. పేర్లు ఇవ్వలేదమ్మా. మీ ఇంట్లో ఇచ్చిన మాట నేను తప్పలేదు."

"ముఖం లేకపోయినా మనిషి తెలిసిపోతాడని నాకు నేర్పింది మీరే కదా సార్."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఆ కాసేపట్లో ఒక్కసారి తప్పయిందని అన్నా నేను క్షమించేసేదాన్నేమో. అంత ఇష్టం ఉండేది ఆయనంటే.

"అలాంటి మోకాలితో బరువు మొయ్యకూడదని రాసింది నువ్వు. మీ అత్తగారి మంచికే రాశావు. మరి ఇప్పుడు ఆవిడ మొయ్యక్కర్లేదు, దానికి బాధెందుకు?" అన్నారు. తర్వాత గొంతు తగ్గించి, "జూలైలో పర్మనెంటు పోస్టు వస్తోంది. ఈ ల్యాబు ఉంటేనే ఆ పోస్టు. ఇదంతా ఎవరి కోసం చేశాననుకున్నావు?" అన్నారు.

మోసపోవడం అంటే ఏమిటో నాకు ఆ గదిలో తెలిసింది. తన కోసం చేసి ఉంటే ఆయన్ని అసహ్యించుకుని ఇంటికొచ్చేదాన్ని. నా కోసం చేశానంటున్నాడు. మా ఇంట్లో పప్పన్నం తిని, అత్త కళ్ళలోకి చూసి మాటిచ్చి, ఆవిడ మోకాలు ఇచ్చేసి నాకు ఉద్యోగం తెచ్చాడు. నన్ను అడగలేదు. అడిగితే కాదంటానని ఆయనకి తెలుసు. పైగా నా రాతనే నాకు అప్పజెబుతున్నాడు.

మొహం మీద రాజీనామా కాగితం విసిరేశానని చెప్పుకోవాలని ఉంది. విసరలేదు. ఇంట్లో ఒక జీతం పోయింది. బయటికొచ్చి, రెండింటికి ఉన్న క్లాసుకి వెళ్ళి, భుజం కీలు పాఠం చెప్పాను. జూలైలో ఇంటర్వ్యూకి కూడా వెళ్ళాను. ఉద్యోగం వచ్చింది. ఆ పలక మీద ఇప్పటికీ పిల్లల్ని నిలబెడుతూనే ఉన్నాను. ఇదంతా మంచి మనిషి కథ అని ఎవరైనా అనుకుంటే, అది కాదని నేనే ముందు చెబుతున్నాను.

జూన్ రెండో వారంలో మొదటి వాన పడిన సాయంత్రం అత్త నా గదిలోకి వచ్చింది. మంచం అంచున కూర్చుని, ధర్సీవా వైపు ఇంకో మిల్లులో రేజాల్ని తీసుకుంటున్నారని చెప్పింది. అక్కడా పి.ఎఫ్. కడతారు. పాత సర్వీసు పోదు, ఇదీ అదీ కలుస్తుంది. కాకపోతే మా సినిమా పుణ్యమా అని ఇప్పుడు అక్కడా నడిపించి చూస్తున్నారట. నింపిన గమేళా నెత్తిన పెట్టి, గేటు దగ్గర్నుంచి లారీల కాటా దాకా పోయి రమ్మంటున్నారట. సోమవారం రమ్మన్నారు.

"మీ కాలేజీలో నడకే కదేటి సెప్తావు. నాకూ నేర్పు. కుంటు కనబడకూడదు."

నేను చెప్పాల్సిందంతా చెప్పాను. నొప్పి కాలిని శరీరం కాపాడుకునే పద్ధతే కుంటు అని చెప్పాను. అది ఆపేస్తే ప్రతి అడుగు బరువూ అరిగిన ఎముక మీదే పడుతుందని, ఏడాదిలో కాలు మడవడానికి కూడా రాదని చెప్పాను. నా జీతం ఉంది, నాన్న పెన్షను ఉంది, ఇంట్లో కూర్చో అని కాళ్ళు పట్టుకున్నాను. ఆవిడ కాలు వెనక్కి తీసుకుంది.

"నువ్వు సెప్పింది ఒకపాలి ఇన్నాను. ఇంక నాను సెప్పినట్టు సెయ్యి."

కాదనే హక్కు నాకు మిగల్లేదు.

శుక్రవారం నుంచి మొదలుపెట్టాం. ముందు గదిలో బల్ల, కుర్చీలు తీసేసి గోడ నుంచి గుమ్మం దాకా దారి చేశాం. చుట్టుపక్కలవాళ్ళు చూడకుండా నాన్న తలుపు వేశాడు. గమేళాలో బియ్యం బస్తా పెట్టాం. మొదట రెండు కాళ్ళ అడుగులూ చిన్నవి చేయించాను, అప్పుడు పొట్టిది ఏదో, పొడుగుది ఏదో తెలియదు. తర్వాత అసలు కష్టం: ఎడమకాలి మీద నిలిచినంతసేపూ కుడికాలి మీదా నిలవాలి. దానికి తాళం కావాలి. నాన్న కంచం బోర్లించి గరిటెతో కొట్టడం మొదలుపెట్టాడు. వాగన్ల మీద సుత్తి కొట్టిన చెయ్యి, ఒక్క దెబ్బ అటూ ఇటూ పోలేదు. కంచం మోగేదాకా కుడికాలు ఎత్తొద్దత్తా అని నేను అరుస్తున్నాను. ఆవిడ పెదవి కొరుక్కుని, కళ్ళలోంచి నీళ్ళు కారుతుంటే తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేక అలాగే నడిచింది. పెదవి కొరికితే గేటు దగ్గర పట్టేస్తారని చెప్పాను. అప్పట్నుంచి పెదవి కూడా వదిలేసింది. నాన్న మాత్రం కంచం వైపే చూస్తూ కొట్టాడు, ఒక్కసారీ తలెత్తలేదు.

ఆదివారం సాయంత్రానికి అత్త నడక నిలువుగా, నింపాదిగా వచ్చింది. ఏ తప్పూ పట్టలేకపోయాను. నేను నేర్పిన ఏ విద్యార్థీ మూడు రోజుల్లో అంత నేర్చుకోలేదు.

సోమవారం క్లాసులు ముగించుకుని నేను ఇంటికొచ్చేసరికి అత్త వీధి మెట్టు మీద కూర్చుని ఉంది. చెప్పులు ఇంకా కాళ్ళకే ఉన్నాయి. పని ఇచ్చారని చెప్పింది. కాటా దాకా ఒకసారి నడిపించి, బాగుందని, అప్పుడే సాయంత్రం దాకా పనిలో పెట్టేశారట. నా చెయ్యి పట్టుకుని లేవబోయి లేవలేకపోయింది. నాన్న ఒక వైపు, నేను ఒక వైపు పట్టుకుని లోపలికి తెచ్చి మంచం మీద పడుకోబెట్టాం. మోకాలు బాగా ఉబ్బిపోయి, చీర కుచ్చెళ్ళు పైకి తీస్తుంటేనే మూలిగింది. నూనె కాచి తెచ్చి మొదటిసారి నేను రుద్దాను.

కళ్ళు మూసుకునే అడిగింది.

"రేపూ అలగే నడవాల కదేటే?"

"అలాగే నడవాలి అత్తా. కుడికాలు తొందరగా ఎత్తొద్దు" అన్నాను, క్లాసులో చెప్పినట్టే.